కరెంటు తక్కువ రావట్లేదు, ఎక్కువే వస్తోంది

రెండు సంచికల కిందట, వోల్టులూ ఆంపియర్లూ ఓమ్‌లూ కొలిచే చిన్న మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే మంచిదని ఇక్కడే ఓ ముక్క రాశాను. అది తిరిగి నా మీదకే వచ్చింది. కొన్నవాళ్లంతా ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ దాని తీగలు ఆనించి, వచ్చిన అంకెలన్నీ కాగితం మీద రాసి పంపి, ఇదేంటండీ ఇలా వచ్చింది అని అడుగుతున్నారు. కాకినాడ నుంచి నరసాపురం దాకా వచ్చిన వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు. పేర్లు వేయొద్దని కొందరు రాశారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న (ఆకివీడు నుంచి ఒక గృహిణి): మా ఇంట్లో బకెట్లో పెట్టే వాటర్ హీటర్ రాడ్ మీద 1500 వాట్లు అని ఉందండి. ఉదయం ఎనిమిదింటికి పెడితే పావుగంట దాటగానే నీళ్లు కాగుతాయి. తెల్లవారుజామున ఐదింటికి పెడితే అరగంట పడుతోంది. రాడ్ పాడైందా? అరగంట వాడితే బిల్లు రెట్టింపు వస్తుందా?

జవాబు: రాడ్ బాగానే ఉందమ్మా. మీ ఊరి చుట్టూ రొయ్యల చెరువులున్నాయి కదా, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అందరివీ ఒకేసారి తిరుగుతుంటాయి, లైన్లో వోల్టేజీ దిగుతుంది. ఈసారి ఐదింటికి ప్లగ్గులో మీటర్ పెట్టి చూడండి, ఏ 180 వోల్టులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు లెక్క. రాడ్ మీద రాసిన 1500 వాట్లు 230 వోల్టులు వచ్చినప్పటి మాట. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు, 1500 బై 230, అంటే 6.5 ఆంపియర్లు. వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి తీగ చూపే నిరోధం (ఇదే ఓమ్ సూత్రం), 230 బై 6.5, సుమారు 35 ఓమ్‌లు. రాడ్ లోపల ఉన్న తీగకి ఈ 35 ఓమ్‌లు పొద్దునా సాయంత్రం ఒకటే, అది కదలదు. వోల్టేజీ 180 కి దిగిందనుకోండి, 180 బై 35, అంటే 5.1 ఆంపియర్లే పోతుంది. 180 ని 5.1 తో గుణిస్తే 918 వాట్లు. వోల్టేజీ ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గితే వేడి నూటికి నలభై పాళ్లు తగ్గింది, ఎందుకంటే వోల్టులూ తగ్గాయి, వాటితో పాటు ఆంపియర్లూ తగ్గాయి, రెండు దెబ్బలు పడ్డాయన్నమాట.

బిల్లు మాత్రం రెట్టింపు రాదు. 15 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 50 కి తేవడానికి 0.44 యూనిట్ కావాలి. దాన్ని 17 నిమిషాల్లో ఇస్తారా, 28 నిమిషాల్లో ఇస్తారా అన్నదే తేడా. ఆలస్యమైతే బకెట్ అంచుల నుంచి కాస్త వేడి గాల్లోకి పోతుంది, మూత వేస్తే అదీ తగ్గుతుంది. రాడ్ తడిమి నీళ్లు కాగాయో లేదో చూసేవాళ్లున్నారు మన ఇళ్లల్లో, స్విచ్ ఆపి ప్లగ్గు పీకకుండా నీళ్లల్లో వేలు పెట్టకండమ్మా.

ప్రశ్న (అమలాపురం నుంచి పదో తరగతి అమ్మాయి): సార్, పుస్తకంలో సామర్థ్యానికి ఒక చోట వి స్క్వేర్ బై ఆర్ అని ఉంది, అంటే నిరోధం పెరిగితే సామర్థ్యం తగ్గాలి. ఇంకోచోట ఐ స్క్వేర్ ఆర్ అని ఉంది, అంటే పెరగాలి. ఏది నిజం? మా సార్‌ని అడిగితే రెండూ నిజమే, బట్టీ పట్టు అన్నారు.

జవాబు: మీ సార్ అన్న మొదటి సగం నిజం తల్లీ, రెండో సగం మర్చిపో. వి అంటే వోల్టేజీ, ఐ అంటే కరెంటు, ఆర్ అంటే నిరోధం, సామర్థ్యం అంటే వాట్లు. సూత్రం చూడకముందు ఒక్క ప్రశ్న వేసుకో, ఇక్కడ ఏది కదలకుండా ఉంది?

ఇంట్లో ప్లగ్గుకి పెట్టిన దేనికైనా వోల్టేజీ బయటి నుంచి వస్తోంది, దాన్ని నువ్వు మార్చలేవు. అప్పుడు వి స్క్వేర్ బై ఆర్ చూడాలి, నిరోధం తగ్గిన కొద్దీ వాట్లు పెరుగుతాయి. మీ అమ్మమ్మని అడుగు, పాత రోజుల్లో మట్టి పలకలో కాయిల్ చుట్టిన హీటరు పొయ్యిలుండేవి. కాయిల్ తెగితే కాలిన ముక్క తీసేసి మిగతా రెండు కొసలూ మెలేసి వాడేవాళ్లు. 1000 వాట్ల కాయిల్‌కి 53 ఓమ్‌లు ఉంటుంది, పదో వంతు తీసేస్తే 47.6 అవుతుంది, అప్పుడది 1100 వాట్లు దాటి మండుతుంది. పొయ్యి ఇప్పుడే బాగా పనిచేస్తోందని సంబరపడేలోపే మళ్లీ తెగేది. మా ఇంట్లో అలా ముడులు వేసీ వేసీ కాయిల్ సగమైంది, చివరికి ఫ్యూజు రోజూ పోతుంటే పొయ్యిని అటకెక్కించాం.

అదే రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో ఉన్నాయనుకో, రెండింటిలోనూ పారే కరెంటు ఒకటే. పంట కాలవ మీద రెండు తూములుంటే పైదాంట్లోంచి వచ్చిన నీళ్లే కదా కిందదాంట్లోంచి పోయేది. అక్కడ కదలనిది ఐ. అందుకని ఐ స్క్వేర్ ఆర్ చూడాలి, నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వేడెక్కుతుంది. 60 వాట్ల పాత బల్బు, 100 వాట్ల పాత బల్బు సిరీస్‌లో పెడితే ఏది ఎక్కువ వెలుగుతుందని పరీక్షల్లో అడుగుతారు, 100 దే అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. 60 దానికి 882 ఓమ్‌లు, 100 దానికి 529. రెండూ కలిపి 1411, కరెంటు 0.163 ఆంపియర్. 60 బల్బులో 23 వాట్లు, 100 బల్బులో 14. చిన్నదే గెలుస్తుంది. పరీక్షలో ఇంతవరకు చాలు. నిజం బల్బులతో చేస్తే ఈ అంకెలు కాస్త తప్పుతాయి, ఎందుకో కింద ఉత్తరంలో ఉంది చూడు.

ప్రశ్న (తణుకు నుంచి ఐటీఐ కుర్రాడు): 60 వాట్ల బల్బు తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే 65 ఓమ్‌లు చూపించింది. లెక్క ప్రకారం 882 రావాలి. తర్వాత ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు కొలిచాను, 3 ఓమ్‌లు. 230 బై 3 అంటే 77 ఆంపియర్లు రావాలి, కానీ మోటారు 7 లోపే తీసుకుంటోంది. మీటర్ మార్చేయనా?

జవాబు: మీటర్ జోలికి పోకు తమ్ముడూ, అది రెండుసార్లూ నిజమే చెప్పింది. నువ్వు బల్బుని చల్లగా ఉన్నప్పుడు అడిగావు. వెలిగే బల్బులో టంగ్‌స్టన్ తీగ 2500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, లోహం వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, చల్లగా 65 ఉన్నది అక్కడికి చేరేసరికి 13 రెట్లకు పైగా అవుతుంది. స్విచ్ వేసిన ఆ మొదటి క్షణంలో మాత్రం 230 బై 65, అంటే మూడున్నర ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి. పాత బల్బులు స్విచ్ వేయగానే టప్‌మని పోవడానికి ఒక కారణం అదే. హీటర్లలో వాడే నైక్రోమ్ తీగ వేడికి పెద్దగా మారదు, అందుకే పైన ఆకివీడు వారికి ధైర్యంగా 35 ఓమ్‌లు కదలవని చెప్పాను.

కాబట్టి పనిచేసే వస్తువు రెసిస్టెన్స్ కావాలంటే, అది పనిచేస్తుండగా వోల్టులూ ఆంపియర్లూ కొలిచి భాగించాలి. బల్బుకి 230 వోల్టులు, 0.26 ఆంపియర్, భాగిస్తే 885. దొరికింది కదా నీ 882. ఎల్‌ఈడీ బల్బుతో ఈ ఆట ఆడకు, దాని లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఓమ్‌లలో వచ్చే అంకెకి అర్థం ఉండదు.

మోటారు సంగతి వేరు. మీటర్ చూపిన 3 ఓమ్‌లు ఉత్త రాగి తీగది. మీటర్ కొలిచేది బ్యాటరీతో, మోటారు తిరిగేది ఏసీతో, అంటే సెకనుకి ఎన్నోసార్లు దిశ మారే ఇంటి కరెంటుతో. ఏసీలో కాయిల్ తనలో పారే కరెంటు మారడాన్ని అడ్డుకుంటుంది, పైగా తిరుగుతున్న మోటారు తనలో తానే ఒక వోల్టేజీ పుట్టించి వచ్చేదాన్ని ఎదురు నెడుతుంది. ఆ ఎదురు పోతే ఏమవుతుందో తెలియాలంటే పంపు లోపలి ఫ్యాన్‌లో గుర్రపుడెక్క చుట్టుకుని మోటారు బిగుసుకుపోయినప్పుడు టాంగ్ టెస్టర్ (తీగని తెంపకుండా చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే మీటర్) పెట్టి చూడు, నాలుగైదు రెట్లు లాగుతుంది, కాసేపట్లో వార్నిష్ కాలిన వాసన వస్తుంది.

ఇంకోమాట. ఓమ్‌లు కొలిచేటప్పుడు సప్లయ్ తీసేయాలి, కెపాసిటర్ (కరెంటుని కాసేపు దాచుకునే డబ్బా) ఉంటే దాన్ని డిశ్చార్జ్ చేయాలి. ఆంపియర్లు కొలిచాక ఎర్ర తీగని మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చాలి. నేనొకసారి మార్చడం మర్చిపోయి అలాగే ప్లగ్గులో పెట్టాను. ఆంపియర్ల వైపు మీటర్‌కి రెసిస్టెన్స్ దాదాపు సున్నా, 230 ని సున్నాకి దగ్గరగా ఉన్నదాంతో భాగిస్తే ఎంతొస్తుందో నాకు కళ్లు మిరుమిట్లు గొలిపి మరీ తెలిసింది. తీగ కొన కరిగిపోయింది, వీధిలో సగం మంది బయటికొచ్చి చూశారు.

ప్రశ్న (భీమవరం దగ్గర పల్లె నుంచి రొయ్యల రైతు): మాది ఎకరం లోపు చెరువు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఏరియేటర్ పెట్టాం. ఒక్క పంటలో రెండుసార్లు మోటారు కాలింది. రీవైండింగ్ కుర్రాడు కరెంటు తక్కువొస్తోంది అందుకే కాలింది అంటాడు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వోల్టేజీ తగ్గితే ఓమ్ సూత్రం ప్రకారం కరెంటు తగ్గాలి, తగ్గితే ఎలా కాలుతుంది నాన్నా అంటాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు ఆపి చెరువు దగ్గర కొలిస్తే 220 ఉంది, అంతా బాగానే ఉందన్నాడు. ముగ్గురూ మూడు చెబుతున్నారండి. ఇంటి కరెంటు మీటరు నుంచి గట్టు దాకా 150 మీటర్లు, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాం. నేను టాంగ్ టెస్టర్ తెచ్చి మోటారు తిరుగుతుండగా కొలిచాను, 7.8 ఆంపియర్లు. అప్పుడు మీటరు దగ్గర 218 వోల్టులు, గట్టు మీద 188.

జవాబు: మీరు రైతే కాదండి, ఆ ముగ్గురికీ పాఠం చెప్పగలిగిన మనిషి. కావలసిన అంకెలన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ముందు మీ అబ్బాయి మాట. ఓమ్ సూత్రం హీటర్ రాడ్‌కి అతికినట్టు మోటారుకి అతకదు. రాడ్‌లో కదలనిది రెసిస్టెన్స్. ఏరియేటర్‌లో కదలనిది పని. రెక్కలు నీళ్లని కొట్టాలి, నీళ్లకి మీ వోల్టేజీ ఎంతో తెలియదు, వాటి బరువు తగ్గదు. మోటారు కాస్త నెమ్మదిస్తుంది గానీ దాదాపు అంతే వాట్లు కావాలంటుంది. వోల్టులు తగ్గాయి, వాట్లు తగ్గలేదు, కాబట్టి ఆంపియర్లు పెరగాలి. మన దగ్గర లైటు పోయినా, వోల్టేజీ తగ్గినా, బిల్లు వచ్చినా అన్నిటికీ కరెంటు అనే అంటాం, దాంతోనే వచ్చింది ఈ తంటా అంతా. రీవైండింగ్ అబ్బాయి ‘కరెంటు తక్కువ’ అన్నది వోల్టేజీ గురించి. మోటారు లోపలికి వెళ్లే కరెంటు ఎక్కువే వెళ్తోంది. వైండింగ్‌లో వేడి ఐ స్క్వేర్ ఆర్ ప్రకారం పుడుతుంది, కరెంటు నూటికి 20 పెరిగితే వేడి 44 పెరుగుతుంది. అదీ కాలడం.

ఇక ఎలక్ట్రీషియన్. మోటారు ఆపి కొలిస్తే వైరులో కరెంటే పారదు, పారనప్పుడు వైరులో వోల్టేజీ పోదు, రెండు కొసల్లోనూ 220 చూపిస్తుంది. కాలవకి నీళ్లు వదలకుండా కింద రేవు దాకా మట్టం సమానంగా ఉందని చెప్పినట్టుంది. మీరు తిరుగుతుండగా కొలిచారు చూశారా, అదే కొలత.

218 లోంచి 188 తీస్తే 30 వోల్టులు. ఇవి దారిలో పోయాయి. 30 ని 7.8 తో భాగిస్తే 3.85 ఓమ్‌లు, ఇది మీ వైరు రెసిస్టెన్స్. ఇప్పుడు దీన్ని సరిచూద్దాం. 1.5 స్క్వేర్ ఎంఎం మెత్తటి రాగి వైరుకి కిలోమీటరుకి 13 ఓమ్‌ల దాకా ఉంటుంది. ఫేజు పోవడం 150 మీటర్లు, న్యూట్రలు రావడం 150, మొత్తం 300 మీటర్లు. చాలామంది ఈ రెండో 150 మర్చిపోతారు. 300 మీటర్లకి 3.9. మీ కొలతకి సరిగ్గా కూర్చుంది. అంటే మధ్యలో మీరు వేసిన జాయింట్లు బాగానే ఉన్నాయి, తప్పంతా వైరు సన్నం కావడమే. ఒకవేళ కొలతలో ఆరో ఏడో ఓమ్‌లు వచ్చుంటే వైరు కొనేముందు జాయింట్లు విప్పి చూడమనేవాణ్ణి, ఉప్పు గాలికి లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

30 వోల్టులని 7.8 తో గుణిస్తే 234 వాట్లు. మీ గట్టు పొడుగునా వైరు ఇంత వేడిని గాల్లోకి వదులుతోంది. రోజుకి 10 గంటలు తిప్పితే 2.3 యూనిట్లు, నెలకి 70 యూనిట్లు. ఒక్క రొయ్యకీ ఒక్క బుడగ గాలి అందకుండా.

మోటారు మొదలయ్యేటప్పుడు ఇంకా ఘోరం. అప్పుడది మామూలు కంటే మూడు రెట్ల పైనే లాగబోతుంది, ఆ క్షణంలో మీ వైరులోనే 80 వోల్టుల దాకా పోతాయి. మోటారుకి 140 లోపే మిగులుతాయి. తిప్పే బలం వోల్టేజీ స్క్వేర్ మీద ఆధారపడుతుంది కాబట్టి అది సగానికంటే తక్కువకి పడిపోతుంది. రెక్కలు కదలక గుయ్‌మని మూలుగుతూ నిలబడటం మీరు చూసే ఉంటారు. కర్రతో రెక్కని తోసి మొదలెట్టేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి. కిలోమీటరుకి 5 ఓమ్‌లు, మీ 300 మీటర్లకి ఒకటిన్నర. 7.5 ఆంపియర్లకి 11 వోల్టులే పోతాయి, వేడి 84 వాట్లు. అల్యూమినియం చవకే గానీ రెసిస్టెన్స్ రాగికి 1.6 రెట్లుంటుంది, అది వేస్తే 6 కంటే తక్కువ వేయకండి. స్టెబిలైజర్ గట్టు దగ్గర పెడితే చాలు కదా అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. అది వోల్టేజీ పెంచడానికి వైరులోంచి ఇంకాస్త కరెంటు లాగుతుంది, వైరు ఇంకాస్త వేడెక్కుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. త్రీ ఫేజ్ సర్వీసు తీసుకునే వీలుంటే అదే అన్నిటికంటే మంచిది.

ఒక సవరణ కూడా చెప్పాలి, లేకపోతే మీ అబ్బాయి నన్ను పట్టుకుంటాడు. 188 ని 7.8 తో గుణిస్తే 1466 వస్తుంది, ఇవి మోటారు తినే వాట్లు కావు. మోటారులో కరెంటు వోల్టేజీకి కాస్త వెనకబడి నడుస్తుంది, అందుకని ఆ గుణకారంలో కొంత వంతే అసలు వాట్లు, ఆ వంతునే పవర్ ఫ్యాక్టర్ అంటారు, అది 0.95 అనుకుంటే అసలు వాట్లు 1390 దాకా. వైరులో పోయిన 234 మాత్రం నికరమే, వైరు హీటర్ రాడ్ లాంటిది.

ప్రశ్న (రావులపాలెం నుంచి): ఇన్వర్టర్ బ్యాటరీకి వెళ్లే తీగలు వేలంత లావుంటాయి, ఇంట్లోకి వచ్చేవి సన్నం. ఎందుకు?

జవాబు: 600 వాట్లు 230 దగ్గర 2.6 ఆంపియర్లు. అదే 600 బ్యాటరీ 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు, ఇన్వర్టర్ తినేది కలిపితే ఇంకా ఎక్కువ. టెర్మినల్ దగ్గర తెల్లగా పొడి పట్టి 0.02 ఓమ్ పెరిగిందనుకోండి, 50 స్క్వేర్ ఇంటు 0.02, ఆ ఒక్క చోటే 50 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్‌కి సరిపోయేంత. శుభ్రం చేసి గట్టిగా బిగించి వాజలీన్ రాయండి.

ప్రశ్న (రాజోలు నుంచి): వర్షాకాలం వస్తే మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సప్లయ్ ఆపేసే స్విచ్) రోజుకి నాలుగుసార్లు పడిపోతోంది. టెన్షన్ ఎందుకు, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా అంటున్నాడు ఎలక్ట్రీషియన్.

జవాబు: అతన్ని తీసేయండి, దాన్ని కాదు. తడి ఒంటి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 బై 1000, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కరెంటు మరీ ఎక్కువైతేనే పడే 16 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్‌కి ఇది లెక్కలోకే రాదు, మనిషి పోయినా అది పడదు. ఇళ్లల్లో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే పడుతుంది, చాలాసార్లు 15 దాటాక ఎప్పుడైనా పడిపోతుంది. మీ ఇంట్లో ఎక్కడో ఫేజు నుంచి భూమికి 15 వేల ఓమ్‌ల లోపు దారి ఒకటి ఏర్పడిందని దాని అర్థం. ఎంసీబీలు అన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే ఎత్తుతూ రండి, ఏది ఎత్తగానే పడితే దొంగ అక్కడున్నాడు. వరండా స్విచ్‌బోర్డు, బయటి మోటారు, పెరట్లో లైటు, ఈ మూడింటి మీదే నా అనుమానం. బోర్డు విప్పితే చీమల పుట్టో, చచ్చిన బల్లో దొరక్కపోతే నాకు ఇంకో ఉత్తరం రాయండి. అయితే న్యూట్రలు లీకైనా అది పడుతుంది, అప్పుడు ఎంసీబీలతో వెతికితే దొరకదు, మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, పైవాణ్ణి కాకుండా.

ప్రశ్న (నరసాపురం నుంచి ఏడో తరగతి బాబు): ఓమ్ అంటే మనం గుళ్లో అనే ఓం ఒకటేనా?

జవాబు: కాదు నాన్నా. ఆయన జర్మనీ దేశపు మేష్టారు, జార్జ్ సైమన్ ఓమ్. కొలోన్ ఊళ్లో పిల్లలకి లెక్కలూ సైన్సూ చెబుతూ తీగలతో ప్రయోగాలు చేసి 1827 లో ఈ సూత్రాన్ని పుస్తకంగా వేశాడు. సొంత దేశంలో మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1841 లో లండన్ రాయల్ సొసైటీ వాళ్లు కాప్లీ పతకం ఇచ్చారు. వోల్టు ఇటలీ ఆయన వోల్టా పేరు, ఆంపియర్ ఫ్రాన్స్ ఆయన పేరు, వాట్ స్కాట్లండ్ ఆయన పేరు. కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పడానికి ఓమ్‌ని ఇంగ్లీషులో తిరగేసి రాసి ‘మో’ అని చాలాకాలం పిలిచారు. ఇది మీ క్లాసులో చెప్పు, ఎవరూ నమ్మరు.